టిక్కు పెట్టని గడి

మా అన్నయ్య మీద నాకు కోపం ఇంకా పోలేదు. పోగొట్టుకునే ఉద్దేశం కూడా లేదు. జరిగింది మా వదినకు కాబట్టి క్షమించాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టం. నా కోపం మాత్రం నాది. నాకు చదరంగం అంతంత మాత్రమే వచ్చు గానీ కోపం బాగా వచ్చు. అందుకే ఈ సంగతి నేను చెబితేనే సరిగ్గా ఉంటుంది.

మా వదిన పళ్ళు కడుతుంది. డాక్టరు కాదు, డాక్టర్లు పంపే అచ్చులు తీసుకుని కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పని. పొడుగాటి గది, కిటికీ పక్కన బల్ల, బల్ల మీద వరసగా తెల్లటి ప్లాస్టర్ దవడలు. గులాబీ రంగు మైనంతో చిగుళ్ళు దిద్దడం, పళ్ళు ఒక్కొక్కటే పేర్చడం, చిన్న మోటారుతో అంచులు అరగదీయడం ఆవిడ పని. పై దవడనూ కింది దవడనూ ఇత్తడి కీలుకు బిగించి, మధ్యలో నీలం కాగితం పెట్టి తెరిచి మూసి, ఎక్కడ గట్టిగా తగులుతోందో చూస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమల మీద తెల్లటి పొడి ఉంటుంది. ఎన్నిసార్లు మొహం కడిగినా ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటుంది.

ఆవిడతో పనిచేసే డాక్టర్లకు ఆవిడంటే విసుగు. ఎందుకంటే అడుగుతుంది. "ఈయనకు కింద ఎడమవైపు చివరి పన్ను ఉందా లేదా? ఉందని మీరు రాయలేదు, లేదనీ రాయలేదు" అని ఫోన్ చేసి మరీ అడుగుతుంది. రాయకపోతే లేనట్టే కదా అని ఒక డాక్టరు కసిరితే, "రాయకపోతే రాయనట్టండీ, అంతే. నోరు తెరిపించి చూసి చెప్పండి" అని ఫోన్ పట్టుకుని అలాగే కూర్చుందట. మా వదిన నోట్లో నాలుక లేని మనిషేం కాదు. కాకపోతే ఆ నాలుకను పనిలో వాడినంత ధారాళంగా ఇంట్లో వాడదు. ఈ గొడవంతా అక్కడే మొదలైంది.

చదరంగం కూడా ఆవిడకు ఆ ల్యాబులోనే పట్టుబడింది. పోసిన ప్లాస్టర్ గట్టిపడేదాకా చేతులు ఖాళీ. ఆ ఖాళీలో అక్కడి పాత పనివాడు, అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి, బల్ల కింద నుంచి చెక్క బోర్డు తీసేవాడు. ప్లాస్టర్ ఆరేలోపు ఆట ముగియాలని నియమం. త్వరగా ముగించాలంటే దారులు త్వరగా తెరవాలి, దారులు తెరవాలంటే ఏదో ఒకటి వదులుకోవాలి. అలా పుట్టింది మా వదిన బంటు బలి. ఆట మొదట్లోనే మంత్రి పక్కనున్న బంటును ముందుకు తోసి, తినమని వదిలేస్తుంది. ఎదుటివాడు తింటాడు. తిన్నాక ఆవిడ తొందరపడదు. ఒక శకటును నెమ్మదిగా పక్కకు జరిపి, తన రాజును భద్రంగా దాచుకుని, అప్పుడు ఆ తెరిచిన దారిలోకి ఒక్కొక్కటే పావులు తెస్తుంది. ఈ ఆరంభానికి మా క్లబ్బులో ప్లాస్టర్ బంటు అని పేరు పడిపోయింది.

క్లబ్బు అంటే గొప్పగా ఊహించుకోకండి. సైకిళ్ళ దుకాణం మీద ఒక గది. మెట్లెక్కుతుంటే పంక్చర్లకు వేసే జిగురు వాసన, పైన పాత బల్లలు, గోడకు ఒక నల్లబోర్డు. ఆ నల్లబోర్డు మీద మా జట్టు ఆటగాళ్ళ వరస రాసి ఉంటుంది. మొదటి బల్ల ఎవరిది, రెండో బల్ల ఎవరిది అని. మొదటి బల్ల మా వదినది. రెండోది మా అన్నయ్యది. నాలాంటి వాళ్ళం బెంచీ మీద కూర్చుని చూసే బాపతు. నేను పనిచేసే లాండ్రీలో కౌంటరు మూసి నేరుగా అక్కడికే పోయేదాన్ని.

ఆ మొదటి బల్ల మా వదినకు ఎంత ప్రాణమో నాకు తెలుసు. ల్యాబులో చేసిన పళ్ళన్నీ డాక్టర్ల పేరు మీద పోతాయి. ఇంట్లో ఏది బాగున్నా ఇంటి పేరు మీద పోతుంది. పూర్తిగా ఆవిడ పేరు మీద నిలిచింది నల్లబోర్డు మీది ఆ పై గీత ఒక్కటే. అది కొందరికి కంట్లో నలుసు. "ఒక్క ఓటమి రానీ, అప్పుడు మాట్లాడదాం" అని చెవులు కొరుక్కునేవాళ్ళు. క్లబ్బు సెక్రటరీ గారు కళ్ళజోళ్ళ వ్యాపారి, పెద్దమనిషే, కానీ గాలి ఎటు వీస్తే అటు. ఆయన కూడా క్లబ్బుల మధ్య జరిగే లీగు పోటీకి ముందు మా వదినతో, "ఈ ఒక్కటీ జాగ్రత్తమ్మా, నేను ఎంతకాలమని సర్దిచెప్పను" అన్నాడు. అంటే ఓడితే బల్ల పోతుందని అర్థం. ఆవిడకూ అర్థమైంది.

ఇక మా అన్నయ్య. టైల్స్ దుకాణంలో అమ్మకాలు చూస్తాడు. బాత్రూమ్ గోడ కొలతలు చెబితే ఎన్ని పలకలు పడతాయో నోటితోనే చెప్పేస్తాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు ఇంత కోపం ఉండేది కాదు, తిట్టి వదిలేసేదాన్ని. ల్యాప్‌టాప్‌లో చెస్ ఇంజిన్ ఒకటి వేయించుకున్న రోజు నుంచి ఆయనకు కొమ్ములు మొలిచాయి. ఇంజిన్ అంటే మరేం లేదు. బోర్డు మీది పావుల స్థితి చూపిస్తే ఎవరు ఎంత మెరుగ్గా ఉన్నారో ఒక అంకె వేసి చెబుతుంది, ఏ ఎత్తు వేయాలో కూడా చెబుతుంది. ప్లస్ అయితే తెల్ల పావులకు లాభం, మైనస్ అయితే నల్ల పావులకు. అప్పటి నుంచి ఎవరు ఏ ఎత్తు వేసినా మా అన్నయ్య చూపుడువేలు ఎత్తి, "ఇంజిన్ దీన్ని ఒప్పుకోదు" అనేవాడు. ఆ ఇంజిన్ను తనే కన్నట్టు మాట్లాడేవాడు.

లీగు పోటీకి ముందు సెలవు రోజున, మధ్యాహ్నం భోజనాలయ్యాక, ల్యాప్‌టాప్ తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. వదిన గిన్నెలు కడుగుతోంది. నేను తుడిచి సర్దుతున్నాను.

"నీ ప్లాస్టర్ బంటు సంగతి ఇవాళ తేల్చేస్తాను" అన్నాడు.

మొదటి ఎత్తు నుంచి ఒక్కొక్కటీ ఆడి చూపించాల్సింది. ఆయనకు అంత ఓపిక ఎక్కడిది. బంటు తిన్న తర్వాత బోర్డు ఎలా ఉంటుందో అలా పావులు నేరుగా గళ్ళలో పెట్టేసి మీట నొక్కాడు. కాసేపు అంకెలు కిందికీ పైకీ ఆడాయి. తర్వాత ఆయన కుర్చీలోంచి సగం లేచాడు.

"ప్లస్ రెండు చూపిస్తోంది. బంటు పోగొట్టుకుని కూడా రెండు బంట్లంత లాభం. చూశావా? కాకపోతే నువ్వు ఆడే ఆ శకటు ఎత్తు దండగ. రాజును దాచుకోవడమూ దండగే. నడిమి బంటును వెంటనే తోసెయ్యమంటోంది. నల్ల రాజు మధ్యలో ఇరుక్కుపోయి చస్తాడు."

వదిన తడి చేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ వచ్చి తెర చూసింది. ఆయన ఎత్తులు ముందుకు జరుపుతూ చూపించాడు. ఆవిడ చాలాసేపు చూసి ఒక్క మాట అడిగింది.

"ఇక్కడ రాజు కోటలోకి వెళ్ళిపోతే ఏమవుతుందండీ?"

ఆట తెలియనివాళ్ళకు ఇది చెప్పాలి. కోటలోకి పోవడం అంటే రాజు ఒక్క ఎత్తులో రెండు గళ్ళు పక్కకు జరగడం, ఏనుగు అతణ్ణి దాటి వచ్చి పక్కన కాపలా నిలబడటం. అప్పటిదాకా రాజూ ఆ ఏనుగూ కదలకుండా ఉంటే, దారిలో అడ్డూ ప్రమాదమూ లేకపోతే, ప్రతి ఆటగాడికీ ఆ హక్కు ఉంటుంది. ఇంజిన్ చూపించిన ఎత్తుల్లో నల్ల రాజు ఒక్కసారి కూడా ఆ పని చేయలేదు. కాలుతున్న ఇంట్లో తిరిగినట్టు నడిబోర్డులో ఒక్కో అడుగే వేస్తున్నాడు. తెల్ల రాజూ అంతే. మా వదిన కన్ను పట్టింది అదే.

"అంత తేలిగ్గా తప్పించుకోగలిగితే అది చూపించదా?" అన్నాడు అన్నయ్య తెర మీంచి తల తిప్పకుండా. "సెకనుకు లక్షల ఎత్తులు చూస్తుందది. దానికి తెలియనిది నీకు తెలిసిందా?"

"నాకు తెలిసిందని కాదండీ, అడుగుతున్నాను."

"అడిగింది చాలు గానీ, ఈ ఎత్తులు బట్టీ పట్టు."

వదిన మళ్ళీ సింకు దగ్గరకు వెళ్ళిపోయింది. డాక్టరు కసిరినా వదలని మనిషి మొగుడి దగ్గర వదిలేసింది. అందుకు ఆవిడ మీద కూడా నాకు ఒళ్ళు మండింది. తర్వాతి రోజుల్లో మైనం దిద్దుతూ, కూరగాయలు కోస్తూ ఆ ఎత్తులే గొణుక్కునేది.

పోటీ రోజు ఎదురుగా కూర్చున్నది పక్క క్లబ్బుకు ఆడే ఒక స్కూలు మాస్టారు. ఎత్తు వేసే ముందు దగ్గుతాడు, వేశాక దగ్గుతాడు, కాబట్టి ఆయన్ని దగ్గు మాస్టారనే పిలుస్తారు. వదిన బంటును వదిలింది, ఆయన తిన్నాడు. వదిన ఇంజిన్ చెప్పినట్టే, తన రాజును దాచుకోకుండా, నడిమి బంటును ముందుకు తోసింది. మాస్టారు దగ్గి, రాజును రెండు గళ్ళు పక్కకు జరిపి, ఏనుగును తెచ్చి పక్కన పెట్టాడు. మరీ మామూలు ఎత్తు. నాలాంటిది కూడా వేసే ఎత్తు.

అంతే, ఆట తిరగబడింది. పట్టుకోవాల్సిన రాజు కోటలో కూర్చున్నాడు. మధ్యలో తెరుచుకున్న దారికి ఎదురుగా నిలబడి ఉన్నది మా వదిన రాజే. మాస్టారి ఏనుగు వచ్చి ఆ దారిలో నిలిచింది. వదిన చాలాసేపు పోరాడింది. ఆవిడ చెవులు ఎర్రబడ్డం నేను బెంచీ మీంచి చూశాను. చివరకు రాజును పడుకోబెట్టి మాస్టారితో చేయి కలిపింది.

ఓడిపోవడం కాదు నన్ను మండించింది. తర్వాత జరిగింది. చుట్టూ మనుషులు మూగారు. "మీరు ఇంట్లో ఇంజిన్‌తో చూసుకున్నారటగా?" అని ఎవరో అన్నారు. మా అన్నయ్య అందరి ముందూ నవ్వుతూ, "ఇంజిన్ బంగారంలాంటి స్థితి ఇచ్చింది. దాన్ని ఆడటం చేతకావాలి కదా" అన్నాడు.

చేతకావాలి కదా అట. వదిన తలెత్తలేదు, పావులు సర్దుతూనే ఉంది. వారం తిరక్కుండానే సెక్రటరీ గారు నల్లబోర్డు తుడిచి కొత్త వరస రాశాడు. మొదటి బల్ల మా అన్నయ్యకు, రెండోది వదినకు. మా అన్నయ్య ఒక్కసారైనా వద్దనలేదు. కనీసం ఇబ్బందిగా మొహం కూడా పెట్టలేదు. "సరేలెండి, మీరంతా అంటున్నారు కాబట్టి" అన్నాడు. నిజానికి అలా ఎవరూ అనలేదు. నేనక్కడే ఉన్నాను.

ఇంట్లో నేను ఆయనతో మాట మానేశాను. ఆయన గమనించలేదు. అది ఇంకా మంట.

ఒక మధ్యాహ్నం అన్నయ్య దుకాణానికి పోయాక, వదిన నన్ను వంటింట్లోంచి పిలిచింది. ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. ఆవిడ కళ్ళు ఎప్పటిలా లేవు.

"ఇటు రా అమ్మాయ్. ఇది చూడు. మొదటి ఎత్తు నుంచీ నేనే ఆడుకుంటూ వచ్చాను. నడిమి బంటు తోయగానే ఇది ఏం చేస్తోందో చూడు."

ఇంజిన్ నల్ల రాజును కోటలోకి పంపింది, దగ్గు మాస్టారి లాగే. అంకె మైనస్‌లోకి దిగజారింది.

"అయితే ఆ రోజు ప్లస్ రెండు ఎలా చూపించింది వదినా?"

"అదే నాకూ అర్థం కాలేదు. మీ అన్నయ్య చేసినట్టే చేసి చూశాను. పావులు చేత్తో గళ్ళలో పెట్టాను. అప్పుడు కనబడింది."

వేలితో తెర కింది మూల చూపించింది. పావులు చేత్తో పెట్టినప్పుడు ఆ ప్రోగ్రాం కింద చిన్న గళ్ళు ఇస్తుంది. తెల్ల రాజు కోటలోకి పోవచ్చా, నల్ల రాజు పోవచ్చా అని అడుగుతుంది. పోవచ్చు అనుకుంటే టిక్కు పెట్టాలి. పెట్టకపోతే రాజులిద్దరికీ ఆ హక్కు పోయిందనుకుంటుంది. మా అన్నయ్య వాటిని చూడనే లేదు. ఆ ఇంజిన్ కాళ్ళు కట్టేసిన రాజును వేటాడి ప్లస్ రెండు అంది. మా వదిన కాళ్ళున్న రాజు మీదికి పోయింది.

"నేను ఆడే శకటు ఎత్తు కూడా పెట్టి చూశాను" అంది వదిన. "కొంచెం మైనస్. బంటు పోయింది కదా, ఆ మాత్రం ఉంటుంది. కానీ ఆడుకోవచ్చు."

ఫోన్ చేసి అన్నయ్యను అక్కడికక్కడే కడిగేద్దామనుకున్నాను. వదిన నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"చెబితే ఏమంటారో తెలుసా? 'అయ్యో, చిన్న టిక్కు మర్చిపోయాను' అంటారు. నవ్వేస్తారు. చిన్న టిక్కు అయిపోతుంది. నేను పంతం ఆట అడుగుతాను."

పంతం ఆట మా క్లబ్బులో పాత పద్ధతి. బల్ల పోగొట్టుకున్నవాళ్ళు, తీసుకున్నవాళ్ళను ఏడాదిలో ఒక్కసారి పిలవచ్చు. ఏ ఆరంభం ఆడాలో, ఎవరు ఏ రంగు తీసుకోవాలో పిలిచినవాళ్ళే చెబుతారు. గెలిస్తే బల్ల తిరిగి వస్తుంది. ఓడితే ఆ ఏడాదికి నోరెత్తకూడదు.

"ప్లాస్టర్ బంటు" అని చెప్పింది వదిన సెక్రటరీ గారితో. "తెల్ల పావులు ఆయనవి. బంటును బలిచ్చేది ఆయనే."

గదిలో గుసగుసలు మొదలయ్యాయి. అన్నయ్య మొహం వెలిగిపోయింది. "నీ ఆరంభం నాకే ఇస్తున్నావా? సరే, ఎలా ఆడాలో చూపిస్తాను" అన్నాడు.

ఆట ముందు రోజంతా నాకు ఒకటే గుబులు. "ఆయన మళ్ళీ ఆ కంప్యూటర్ తెరిచి చూసుకుంటే ఏం చేస్తావు వదినా?"

"చూడరు. తేలిందనుకున్నది మళ్ళీ చూసే అలవాటు ఆయనకు లేదు" అంది వదిన. కాపురం చేసిన మనిషి కదా, ఆ మాత్రం లోతు తెలుసు.

అలాగే జరిగింది. అన్నయ్య కూర్చుని, చొక్కా చేతులు మడిచి, టకటకా ఎత్తులు వేశాడు. బంటును వదిలాడు, వదిన తిన్నది. శకటు వైపు చూడనైనా చూడలేదు. తన రాజును దాచుకోలేదు. నడిమి బంటును తోసి, గడియారం నొక్కి, వెనక్కి వాలి చేతులు కట్టుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళను ఒకసారి చూశాడు కూడా, చూస్తున్నారా లేదా అని.

వదిన రాజును రెండు గళ్ళు పక్కకు పెట్టి, ఏనుగును తెచ్చి పక్కన నిలబెట్టింది.

అన్నయ్య చేతులు విప్పాడు. ముందుకు వంగాడు. దగ్గు మాస్టారు వేసిన ఎత్తే అది, కానీ ఆ రోజు పక్క బల్ల మీద తన ఆటలో మునిగి అన్నయ్య చూడలేదు. ఓడిందని తెలిసిందే తప్ప ఎలా ఓడిందో అడగలేదు.

"ఇది ఇంజిన్‌లో రాలేదే" అన్నాడు మెల్లగా.

"ఆడండి" అంది వదిన.

ఆ తర్వాత చెప్పడానికి పెద్దగా లేదు. మా అన్నయ్య ఏమీ రాని ఆటగాడు కాదు, చెమటలు కక్కుతూ వెతికాడు. నడిమి దారిలోకి వదిన ఏనుగు వచ్చింది, ఆయన రాజు ఎటూ పోలేకపోయాడు. వదిన ఎక్కడా తొందరపడలేదు, ఎక్కడా కనికరించలేదు. ఆయన రాజును పడుకోబెట్టాడు. సెక్రటరీ గారు గొంతు సవరించుకుని నల్లబోర్డు దగ్గరకు పోయి, పై గీత మీద మళ్ళీ మా వదిన పేరు రాశాడు. నాకు ఈల వేయాలనిపించింది, రాదు కాబట్టి ఊరుకున్నాను.

అన్నయ్య బోర్డు వంక చూస్తూనే ఉన్నాడు. "నీకు ఇది ఎప్పుడు తట్టింది?" అని అడిగాడు.

"మీరు ల్యాప్‌టాప్‌లో చూపించిన రోజే అడిగాను కదండీ."

"నన్నా? ఏమడిగావు?"

నటించడం లేదు. నిజంగానే గుర్తు లేదు. ఎన్నేళ్ళ కిందటి ఆటైనా సరే, ఎవరు ఏ గుర్రాన్ని ఎక్కడికి దూకించారో చెప్పగల మనిషి మా అన్నయ్య. పెళ్ళాం పక్కన నిలబడి అడిగిన ఒక్క ప్రశ్న మాత్రం ఆయన బుర్రలోకి పోనేలేదు. నేను నోరు తెరవబోయాను. వదిన చేయి అడ్డం పెట్టింది.

పావులు ఒక్కొక్కటే వెనక్కి జరిపి, బంటు తోసినప్పటి స్థితిలో మళ్ళీ పేర్చింది. నల్ల రాజు నెత్తి మీద వేలు పెట్టి, ఆ రోజు వంటింట్లో అడిగిన మాటనే, అదే గొంతుతో అడిగింది.

"ఇక్కడ రాజు కోటలోకి వెళ్ళిపోతే ఏమవుతుందండీ?"

అన్నయ్య అటూ ఇటూ చూశాడు. తప్పించుకోవడానికి ల్యాప్‌టాప్ లేదు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు.

"తెల్ల ఓడిపోతుంది" అన్నాడు.

"ఆ రోజు నాకు చెప్పాల్సింది అదండీ" అంది వదిన. లేచి, నా చేతికి సంచీ ఇచ్చి, ఆయన కోసం ఆగకుండా మెట్లు దిగింది.